సగటు ధర చూసి లోడైలో ద్రాక్షతోట కొనొచ్చా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. అదే రాష్ట్రంలో లోడై దగ్గర 20 ఎకరాల వైన్ ద్రాక్షతోట అమ్మకానికి వచ్చింది. 14 ఎకరాలు క్యాబర్నే, ఆరెకరాలు జిన్‌ఫాండెల్, రెండూ ఎర్ర వైన్ ద్రాక్ష రకాలు. వైనరీలు, అంటే వైన్ తయారుచేసే కంపెనీలు, కొన్న ద్రాక్ష ధరలతో కాలిఫోర్నియా ఏటా వేసే క్రష్ రిపోర్టు తెరిచి చూస్తే, లోడై పడే 11వ జిల్లాలో క్యాబర్నే సగటు ధర టన్నుకు 650 డాలర్ల దరిదాపుల్లో కనిపించింది. ఎకరానికి 8 టన్నుల చొప్పున 20 ఎకరాలకు ఏడాదికి 1,04,000 డాలర్లు. "ఊళ్లో నాన్నకు మామిడితోట ఉంది, వ్యవసాయం బొత్తిగా తెలియనివాణ్ణి కాను, ఈ లెక్క సరైనదేనా అన్నా" అని అడిగారు.

గుణకారం సరిగ్గానే ఉంది. 650 కూడా ఎవరో కల్పించిన అంకె కాదు. అయితే అది అమ్ముడుపోయిన ద్రాక్ష ధర. అమ్ముడుపోని ద్రాక్షకు ఆ రిపోర్టులో గడే లేదు. మీరు కొనబోయే తోట ఏ గడిలో పడుతుందన్నదే అసలు ప్రశ్న.

నా సంగతి రెండు ముక్కల్లో. రాజేంద్రనగర్‌లో బీఎస్సీ అగ్రికల్చర్, తర్వాత ఫ్రెస్నోలో ద్రాక్ష సాగు మీద చదువు. చాలా ఏళ్లు వైనరీల తరఫున రైతుల తోటలు తిరిగి, కాపు అంచనా వేసి, ఎప్పుడు కోయాలో చెప్పే పని చేశాను. ఇప్పుడు సలహాలు ఇచ్చుకుంటూ, తొమ్మిదెకరాల జిన్‌ఫాండెల్ కౌలుకు చేస్తున్నాను. ధర తగ్గించమని బేరమాడిన వైపు జీతం తీసుకున్నాను, ఇప్పుడు తగ్గించొద్దని బతిమాలే వైపు ఉన్నాను.

మా తాతకు మేడ్చల్ దగ్గర అనాబేషాహీ పందిరి ఉండేది. తెల్లవారుజామున గంపలు మోజంజాహీ మార్కెట్టుకు వెళ్తే మధ్యాహ్నానికల్లా ఎంత పలికిందో తెలిసిపోయేది. నచ్చినా నచ్చకపోయినా ఆ రోజు ధర ఆ రోజే. గుంటూరు మిర్చి యార్డులో ఇప్పటికీ అంతే కదా, ఫలానా రకం కనిష్ఠం ఇంత, గరిష్ఠం ఇంత అని సాయంత్రానికి ఫోన్లలో తిరుగుతుంది. వైన్ ద్రాక్షకు అలాంటి యార్డు ప్రపంచంలో ఎక్కడా నేను చూడలేదు. కోసిన గంటల్లో క్రషర్‌లో, అంటే నలిపే యంత్రంలో, పడాలి, లేకపోతే పాడవుతుంది. అందుకని కోత మొదలయ్యేలోపే బేరం ముగిసి ఉండాలి. ఆ బేరం రైతుకూ వైనరీకీ మధ్య, కాగితం మీద, నాలుగు గోడల మధ్య జరుగుతుంది. పక్క తోటవాడికి ఎంత వచ్చిందో మీకు తెలియదు.

ఈ చీకటిలో రైతు మోసపోతున్నాడనే 1976లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది, క్లేర్ బెరీహిల్ గ్రేప్ క్రష్ రిపోర్ట్ చట్టం. దాని ప్రకారం ద్రాక్ష నలిపే ప్రతి వైనరీ ఏ జిల్లా నుంచి, ఏ రకం, ఎన్ని టన్నులు, ఎంత ధరకు కొన్నదో రాష్ట్ర వ్యవసాయ శాఖకు చెప్పి తీరాలి. రాష్ట్రాన్ని 17 ధరల జిల్లాలుగా విడగొట్టారు. ఫిబ్రవరిలో తొలి రిపోర్టు, ఆ తర్వాత తుది రిపోర్టు వస్తాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోసిన పంట ధర వచ్చే ఫిబ్రవరిలో తెలుస్తుందన్నమాట. పెళ్లయిన ఆరు నెలలకు జాతకాలు చూసినట్టు ఉంటుంది గానీ, ఇంత వివరంగా ధరలు బయటపెట్టే వైన్ ప్రాంతాలు ప్రపంచంలో తక్కువే. ఆ చట్టానికి నేను దండం పెడతాను.

ఇప్పుడు ఆ సగటు ఎలా తయారవుతుందో చూడండి. అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. ఒక జిల్లాలో 150 టన్నుల క్యాబర్నే పండింది. 60 టన్నులు పాత కాంట్రాక్టు మీద 800 డాలర్లకు వెళ్లాయి. 40 టన్నులు కాంట్రాక్టు లేకుండా, మేము స్పాట్ అంటాం, 400కు వెళ్లాయి. మిగిలిన 50 టన్నులు కొనేవాడు లేక తీగ మీదే ఎండాయి. అమ్మకం మొత్తం 64,000 డాలర్లు, అమ్మినవి 100 టన్నులు. రిపోర్టులో సగటు 640. పండిన 150 టన్నులకు పంచితే 427 కూడా రాదు.

మరుసటి ఏడాది బజారు ఇంకా చచ్చిపోయి ఆ 40 టన్నుల స్పాట్ సరుకును కూడా ఎవరూ కొనలేదనుకోండి. కాంట్రాక్టు ఉన్న 60 టన్నులే లెక్కలోకి వస్తాయి. సగటు 800! పేపర్లో "క్యాబర్నే ధర 25 శాతం పెరిగింది" అని వస్తుంది. అదే వారం సగం మంది రైతులు తోట పీకించడానికి ట్రాక్టర్ల వాళ్లకు ఫోన్లు చేస్తుంటారు. సగటు పెరిగిందని సంతోషపడే ముందు టన్నుల గడి కూడా చూడమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. ధర పెరిగి, టన్నులు కూడా పెరిగితే గిరాకీ ఉన్నట్టు. ధర నిలబడి టన్నులు కూలితే, బలహీనులు లెక్కలోంచి జారిపోయారని అర్థం.

ఇంకో మెలిక. వైనరీలు తమ సొంత తోటల్లో పండించుకున్న ద్రాక్ష టన్నుల లెక్కలో ఉంటుంది, ధర లెక్కలో ఉండదు. ఆ సొంత తోటలు ఉన్నంతకాలం బయటి రైతు వాళ్లకు రెండో ఎంపికే. కరువొస్తే అందరినీ పిలుస్తారు, పంట ఎక్కువైతే ముందు తమది కోసుకుంటారు.

టన్ను గురించి కూడా ఒక మాట. ఇక్కడి టన్ను 2,000 పౌన్లు, అంటే 907 కిలోలు. మనవాళ్లు వెయ్యి కిలోలనుకుని దిగుబడి లెక్కలు వేసి నన్ను వాదనలోకి దింపుతుంటారు.

రకాలూ ప్రాంతాల సంగతికి వస్తాను. ఒకే క్యాబర్నే నాపాలో, అంటే 4వ జిల్లాలో, ఈ మధ్య సగటున టన్నుకు 9 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంది. మీ లోడైలో ఆరేడు వందలు. ఫ్రెస్నో, మడేరా ఉన్న 13వ జిల్లాలో మొత్తం ద్రాక్ష సగటు మూడు నాలుగు వందలు. ఒకే తీగ, ఒకే పేరు. రాష్ట్రం మొత్తం టన్నుల్లో నాపా వాటా నాలుగు శాతం దగ్గరే ఉంటుంది, అన్నిటికంటే ఎక్కువ టన్నులు 13 నుంచి వస్తాయి. చాలామంది దీన్ని మట్టి మహిమ అంటారు. మట్టీ, చల్లటి రాత్రులూ నిజమే. కానీ నాపా 1968లోనే వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలాలుగా ముక్కలు చేయకుండా కట్టడి పెట్టుకుంది, 1976లో పారిస్‌లో సీసాల పేర్లు దాచి జరిపిన రుచి పోటీలో ఫ్రెంచి వైన్ల మీద గెలిచింది. అప్పటి నుంచి సీసా మీద నాపా అనే పేరుకే ధర. సీసా మీద ఒక ప్రాంతం పేరు వేయాలంటే 85 శాతం ద్రాక్ష అక్కడిదే అయి ఉండాలని కేంద్ర నిబంధన. రకం పేరు వేయాలంటే ఆ రకం 75 శాతం ఉంటే చాలు. అంటే నాపా వైనరీకి నాపా ద్రాక్ష తప్పదు. "కాలిఫోర్నియా" అని మాత్రమే రాసుకునే పది డాలర్ల సీసాకు లోడై అయినా ఒకటే, ఫ్రెస్నో అయినా ఒకటే. మీ బేరం బలం అక్కడే పోతుంది.

వ్యాపారంలో ఒక పాత కొండగుర్తు ఉంది: టన్ను ధరను వందతో భాగిస్తే సీసా ధర. 9,000కు కొన్న ద్రాక్షతో 90 డాలర్ల సీసా, 650కి కొన్న దానితో ఆరున్నర డాలర్ల సీసా. టన్నుకు 720 సీసాలు, అంటే 60 కేసులు వస్తాయని లెక్క. నాపాలో పేరున్న టొ కలోన్ తోటలో కొంత భాగానికి యజమాని అయిన ఆండీ బెక్‌స్టాఫర్ దీన్నే తిరగేసి, సీసా ధరకు వంద రెట్లు టన్నుకు ఇవ్వమని వైనరీలతో కాంట్రాక్టులు రాయించుకున్నారు. ఆ తోట పేరు సీసా మీద ఉంటే వైన్ అమ్ముడుపోతుంది కాబట్టి చెల్లింది. మీరూ నేనూ అలా అడిగితే నవ్వుతారు.

జిల్లా సగటు ఎంత వెడల్పైన దుప్పటో తెలియాలంటే రిపోర్టులో 8వ పట్టిక చూడండి. కొత్తవాళ్లెవరూ అందాకా వెళ్లరు. అందులో ఒక్కో జిల్లాలో ఒక్కో రకానికి ఎన్ని టన్నులు ఏ ధరకు వెళ్లాయో, చక్కెర శాతానికి ఏ షరతు ఉందో వరుసగా ఉంటుంది. నాపా క్యాబర్నే వరుసల్లో పైన చిన్న చిన్న లాట్లు సగటుకు ఎన్నో రెట్లు పలుకుతాయి. లోడై వరుసల్లో అలాంటి లాట్లు తక్కువ. మీ తోట సైజు, మీ రకం ఉన్న లాట్లు ఏ వరుసల్లో గుంపుగా ఉన్నాయో చూస్తే సగటు కంటే ఎక్కువ తెలుస్తుంది.

జిల్లా సరిహద్దులు కూడా ధర కోసం గీసినవే. శాన్ వాకీన్ కౌంటీలో హైవే 4కు ఉత్తరాన ఉంటే 11, దక్షిణాన ఉంటే 12. అమ్మేవాళ్లు "లోడై ఏరియా" అని రాస్తే ఆ రోడ్డుకు ఎటువైపో ముందు మ్యాపులో చూసుకోండి.

జిన్‌ఫాండెల్ ఆరెకరాల గురించి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు, నాకు మాత్రం ఆసక్తి అక్కడే. లోడైలో ఇసుక నేలల్లో వందేళ్లు దాటిన జిన్‌ఫాండెల్ చెట్లున్నాయి, అంటు కట్టకుండా సొంత వేర్ల మీదే. ఇనుప తీగల ఆధారం లేకుండా పొట్టి మానుల్లా నిలబడతాయి. ఎకరానికి దిగుబడి తక్కువ, కోత చేత్తోనే. వాటికి విడిగా అభిమానులున్నారు, చిన్న వైనరీలు సగటుకు బాగా ఎక్కువిస్తాయి. అదే 1990ల తర్వాత ఇనుప తీగల మీద పాకించి, యంత్రంతో కోసే జిన్‌ఫాండెల్ అయితే చాలావరకు గులాబీ రంగు తియ్యటి వైట్ జిన్‌ఫాండెల్‌కు వెళ్లే సరుకు. ఆ సీసా తాగే తరం తగ్గిపోతోంది. తమాషా ఏమిటంటే, ఒకప్పుడు ఆ వైట్ జిన్‌ఫాండెల్ గిరాకీ వల్లే పాత చెట్లు నరికివేత నుంచి బతికాయి. మీ ఆరెకరాలు ఏ కాలానివో చెప్పలేదు. రెండు ధరల మధ్య తేడా అక్కడే ఉంది.

తెల్ల రకాల పరిస్థితి ఎర్ర రకాలంత చెడ్డగా లేదు. సావిన్యోన్ బ్లాంక్‌కు ఈ మధ్యదాకా మంచి గిరాకీ ఉండింది. రాష్ట్రంలో షార్డొనే, క్యాబర్నే రెండూ కలిపి మొత్తం వైన్ ద్రాక్షలో మూడో వంతుకు దగ్గరగా ఉంటాయి, ఒక ఏడాది అది ముందు, ఒక ఏడాది ఇది. సొనోమాలో పీనో న్వార్ వేల డాలర్లు పలుకుతుంది, లోడై వేడిలో అదే రకం వందల్లోకి దిగుతుంది. క్యాబర్నేకు మాత్రం 2010ల్లో అందరూ ఎగబడ్డారు. మన పత్తి రైతుల సంగతి తెలిసిందే, ఒక ఏడు ధర బాగుంటే మరుసటి ఏడు ఊరంతా పత్తే. ద్రాక్షలో ఆ తప్పు ఇంకా ఖరీదు, ఎందుకంటే మొక్క పెట్టాక మూడో ఏడు గానీ కాపు రాదు, పెట్టింది పాతికేళ్లుంటుంది.

ఆ ఎగబాటు ఫలితం 2018లో కనబడింది. రాష్ట్రంలో వైన్ రకాల ద్రాక్ష దాదాపు 43 లక్షల టన్నులు క్రష్ అయింది, అది రికార్డు. ట్యాంకులు నిండిపోయాయి. 2020లో అడవి మంటలు వచ్చి పొగ వాసన పట్టిన ద్రాక్షను వైనరీలు తిప్పికొట్టాయి. ఆ ఏడు నా సొంత అనుభవం చెప్తాను. ఒక వైనరీ, పేరు వద్దు, నా లోడు వద్దంది. ల్యాబులో పరీక్ష చేయించుకుని రమ్మంది. ల్యాబులన్నీ కిక్కిరిసి ఫలితం రావడానికి వారాలు పట్టింది. ఫలితం బాగానే వచ్చింది, అప్పటికి పండు కిస్మిస్ అయిపోయింది. కాంట్రాక్టులో "కొనుగోలుదారు సంతృప్తి మేరకు" అన్న మూడు మాటలున్నాయి, నేను సంతకం పెట్టేటప్పుడు చదివిన మాటలే. ఆ తొమ్మిదెకరాల 2020 పంట క్రష్ రిపోర్టులో ఎక్కడా లేదు. సగటును పైసా కూడా తగ్గించలేదు.

ఆ తర్వాత అమెరికాలో వైన్ తాగడమే తగ్గుతూ వచ్చింది. పైగా పెద్ద కంపెనీలు బయటి దేశాల నుంచి ట్యాంకర్ వైన్ చవగ్గా దించుకుంటాయి, అంతే వైన్ ఎగుమతి చేస్తే కట్టిన సుంకంలో 99 శాతం వెనక్కి వస్తుంది. రైతులు దీని మీద ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2024 మొదట్లో అలైడ్ గ్రేప్ గ్రోయర్స్ అనే రైతుల సంఘం అధ్యక్షుడు జెఫ్ బిట్టర్ రాష్ట్రంలో 50 వేల ఎకరాలు పీకేయాలని బహిరంగంగానే అన్నారు. ఆ ఏడాది క్రష్ 29 లక్షల టన్నుల దగ్గర ఆగింది, అప్పటికి ఇరవై ఏళ్లలో అంత తక్కువ లేదు. అందులో ఎండ దెబ్బ కొంత, కొనేవాళ్లు లేక కోయకుండా వదిలేసింది చాలా. 2024 అక్టోబరు నుంచి 2025 ఆగస్టు మధ్య సుమారు 38 వేల ఎకరాలు పీకేశారు. లోడై నుంచి హైవే 99 మీద వెళ్తే రోడ్డు పక్కన వేర్లతో సహా పీకి కుప్పలేసిన తీగలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు కారు ఆపి కాసేపు నిలబడ్డాను. శాన్ వాకీన్ లోయలో పంట వ్యర్థాలు తగలబెట్టడం 2025 నుంచి దాదాపు నిషిద్ధం, కాబట్టి వాటిని ముక్కలు చేయించడానికి మళ్లీ ఖర్చు. తోట తీసేయాలన్నా ఎకరానికి వెయ్యి డాలర్ల పైమాటే. ఇప్పుడు మీకు ఆ 20 ఎకరాలు ఎందుకు అమ్ముతున్నారో ఊహించుకోండి.

సరే, మీ లెక్కకే వద్దాం. యంత్రంతో కోసే లోడై తోటకు కత్తిరింపు, మందులు, నీళ్లు, కోత, రవాణా కలిపి నా పుస్తకాల్లో ఎకరానికి 3,500 డాలర్లు దాటుతోంది. కూలీలకు రోజుకు ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైం ఇవ్వాలనే నియమం 2025 నుంచి చిన్న రైతులకూ వచ్చింది. మీ ఆదాయం ఎకరానికి 5,200, ఖర్చు పోగా 1,700, ఇరవై ఎకరాలకు 34,000. అదీ ప్రతి గుత్తీ 650కి అమ్ముడైతే. ఎకరం 30,000 చొప్పున కొన్నా ఆరు లక్షలు, దాని మీద ఏడు శాతం వడ్డీయే ఏడాదికి 42,000. భూమి పన్ను ఇంకా కలపలేదు. అంతా సవ్యంగా జరిగిన ఏడాదిలోనే చేతి నుంచి పడుతుంది. 14 ఎకరాల క్యాబర్నే స్పాట్‌లోకి వెళ్లిందంటే సాగు ఖర్చు కూడా గిట్టదు.

ఇంకా తరుగులున్నాయి. కాంట్రాక్టులో ఉన్న ధర చక్కెర శాతం, అంటే బ్రిక్స్, ఫలానా అంకెల మధ్య ఉంటేనే. తగ్గితే ధర తగ్గిస్తారు. లోడులో ఆకూ కాడా ఒక శాతం దాటితే మళ్లీ ధర తగ్గింపు, ఇంకా దాటితే లారీ వెనక్కి. పగలు 38 డిగ్రీల ఎండలో పండు ఉడికిపోతుందని యంత్రం రాత్రి నడుపుతారు, డ్రైవరు నిద్రమత్తులో ఆకులు ఊదేసే ఫ్యాన్ వేగం తగ్గిస్తే అవన్నీ గొండోలాలోకి, అంటే పండు నింపే బండిలోకి, వస్తాయి. ఆ తరుగు మీ ఖాతాలోనే.

నా మాట వినేటట్టయితే, భూమి ధర గురించి మాట్లాడకముందు మూడు కాగితాలు అడగండి. ఒకటి, ఇప్పుడున్న కాంట్రాక్టు, ఏ ఏడాదితో ముగుస్తుందో, భూమి చేతులు మారితే కొత్త యజమానికి బదిలీ అవుతుందా లేదా అన్న పేరా సహా. చాలా కాంట్రాక్టులు వైనరీ అనుమతి లేనిదే బదిలీ కావు, ఈ రోజుల్లో ఆ సాకుతో వదిలించుకోవాలని చూసే వైనరీలే ఎక్కువ. రెండు, గత ఐదేళ్ల కాటా చీటీలు. "ఎకరానికి 8 టన్నులు" అన్న మాట నోటితో ఎవరైనా అంటారు, కాటా చీటీ అబద్ధమాడదు. చీటీలు ఏ ఏడాదికైనా లేకపోతే ఆ ఏడు కోయలేదని అర్థం చేసుకోండి. మూడు, ఆకులకు రెడ్ బ్లాచ్, లీఫ్ రోల్ వైరస్‌ల పరీక్ష. అవి ఉన్న తోటలో చక్కెర ఎక్కదు, మందు లేదు, పీకడమే.

ఈ మూడూ బాగుండి, కాంట్రాక్టు ఇంకో ఐదారేళ్లుండి, జిన్‌ఫాండెల్ పాత చెట్లయితే మళ్లీ రాయండి, అప్పుడు నేనే వచ్చి చూస్తాను. అలా కాకపోతే ఒక ఏడాది ఆగి, ఎవరి దగ్గరైనా రెండు మూడెకరాలు కౌలుకు తీసుకుని చేయండి. యజమానులు ఇప్పుడు తోట బతికించే మనిషి దొరికితే చాలన్నట్టు ఉన్నారు, కౌలు దాదాపు ఉండదు. నష్టపోయినా సెలవుల ఖర్చంత. సెప్టెంబరులో మా కోత రాత్రి పూట రెండింటికి మొదలవుతుంది, స్వెటర్ వేసుకుని రండి.

కాంట్రాక్టు ఇప్పటికే మీ చేతిలో ఉంటే పేర్లు చెరిపేసి, తిరస్కరణ షరతులున్న పేజీ మాత్రం ఇక్కడ పెట్టండి. సాధారణంగా మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో ఉంటుంది.